అరచేతి బొబ్బ, మూడు రాత్రులు: అడవిలో బస చేసిన నా అనుభవం

అడవి నుంచి తిరిగి వచ్చి నేటికి పన్నెండు రోజులు. కుడి అరచేతిలోని బొబ్బ ఎండి తోలు ఊడిపోయింది. కోటుకు పట్టిన పొగ వాసన మాత్రం రెండుసార్లు ఉతికినా పోలేదు. ఈ పన్నెండు రోజుల్లో కనీసం అరడజను మంది నన్ను ఒకే ప్రశ్న అడిగారు. మెత్తని పరుపు, వేడి నీళ్లు, తలుపుకు గొళ్లెం ఉన్న ఇల్లు వదిలిపెట్టి చలిలో నేల మీద పడుకోవడంలో ఏం ఆనందం ఉంది? ప్రతిసారీ ఆకాశం నిండా చుక్కలనీ, మంచి గాలి అనీ రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాను. అవి అబద్ధం కాదు. కానీ నన్ను మార్చింది అవి కావు. అందుకే జరిగింది జరిగినట్టు, రోజుల వారీగా రాస్తున్నాను.

మా అన్నయ్య పదిహేనేళ్లుగా అడవిలో బస చేస్తున్నాడు. ఏడాదికి నాలుగైదుసార్లు వీపుకు సంచి తగిలించుకుని వెళతాడు. వచ్చాక కొన్ని రోజుల పాటు అతని మాటలో, నడకలో ఒక నిదానం కనిపిస్తుంది. ఆ నిదానం నాకూ కావాలనిపించేది. నా ఉద్యోగమంతా కంప్యూటర్ తెర ముందే. ఈ రోజు చేసిన పని బాగుందో లేదో రెండు మూడు నెలలకు గానీ తెలియదు, ఒక్కోసారి ఎప్పటికీ తెలియదు. సాయంత్రానికి ఒళ్లు అలసిపోతుంది, కానీ ఇదీ నేను చేసినది అని చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు.

"ఈసారి నన్నూ తీసుకెళ్లు అన్నయ్యా" అన్నాను.

"తీసుకెళతాను. కానీ నిప్పు నువ్వే పుట్టించాలి. అగ్గిపెట్టె లేకుండా" అన్నాడు.

అది సెప్టెంబరు 6, శనివారం. ఆ సాయంత్రమే నా చేతిలో నాలుగు చెక్కముక్కలు పెట్టాడు. ఒకటి, రెండు మూరల కన్నా కొంచెం తక్కువ పొడవున్న వంగిన కొమ్మ. దానికి తాడు కడితే విల్లు. రెండోది బొటనవేలంత లావు, జానెడు పొడవున్న పుల్ల. దాన్ని కదురు అంటాడు. మూడోది పలక. నాలుగోది అరచేతిలో ఇమిడే గట్టి చెక్క, దానికి ఒక గుంట. కదురును వింటి తాడుతో ఒక చుట్టు చుట్టి, కింది మొన పలక మీద, పై మొన గట్టి చెక్క గుంటలో ఉంచి, వింటిని ముందుకీ వెనక్కీ లాగాలి. అరణిని మథించడం అనే మాట చదివాను గానీ, ఆ మథనం ఎంత పనో ఆ రోజు వరకు తెలియదు.

మొదటి రోజు నలభై నిమిషాలు లాగాను. పొగ కాదు కదా, పలక వెచ్చబడింది అంతే. కదురు పదిసార్లు జారి ఎగిరిపడింది. అన్నయ్య ఏమీ అనలేదు, నా ఎడమ చేయి పట్టుకుని మణికట్టును పిక్క ఎముకకు గట్టిగా ఆనించి "ఇది కదలకూడదు" అన్నాడు. ఆ ఒక్క మాట ఒంటికి ఎక్కడానికి నాకు రెండు వారాలు పట్టింది.

వారానికి మూడు రోజులు, పని నుంచి వచ్చాక సాధన. ఇందులో అన్నీ చిన్న చిన్న సంగతులే, వాటిలో ఒక్కటి తప్పినా నిప్పు రాదు. చెక్క మెత్తనిదై ఉండాలి. గోటితో నొక్కితే చిన్న గుంట పడాలి, కానీ పొడిపొడిగా రాలిపోకూడదు. పలక అంచున గాటు కోయాలి, కదురు తిరిగే గుండ్రటి గుంటలో ఎనిమిదో వంతు. అంతకన్నా పెద్దదైతే కదురు ఆ గాటులోకి జారిపోతుంది, చిన్నదైతే రాపిడికి రాలే చెక్కపొడి పోగుపడదు. పై చెక్క గుంటలో ఒక పచ్చి ఆకు నలిపి పెడితే అక్కడ జారుడు వచ్చి, రాపిడంతా కిందనే పడుతుంది. రాలే పొడి రంగు చూడాలి. లేత గోధుమ రంగులో ఉంటే వేడి చాలలేదు. ముదురు కాఫీ రంగుకు తిరిగితే దారిలో పడినట్టు. ఆ పొడి తనంతట తాను రాజుకోవాలంటే సుమారు 400 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. ఆ వేడి మనిషి భుజం నుంచి, ఊపిరి నుంచి రావాలి.

నెల గడిచేసరికి మూడు తాళ్లు తెగిపోయాయి. బొబ్బ లేచింది, పగిలింది, మళ్లీ లేచింది. ఒక రోజు విసిగిపోయి అన్నయ్యకు ఫోను చేసి "నా భుజాలకు ఈ బలం లేదు" అన్నాను. "బలం కాదు కావలసింది. మొదట నెమ్మదిగా, ఊపిరి పీల్చుకుంటూ లాగు. పొగ కనిపించాక వేగం పెంచు. నువ్వు మొదటి నిమిషంలోనే అంతా ఖర్చు చేస్తున్నావు" అన్నాడు. నిజంగా నేను చేస్తున్నది అదే.

అక్టోబరు 19, ఆదివారం, సాయంత్రం అయిదు దాటింది. అది నా ముప్పై ఒకటో ప్రయత్నం. లెక్క ఎందుకు తెలుసంటే పలక వెనక గీతలు పెట్టుకునేదాన్ని. లాగడం ఆపాను. ప్రతిసారీ నేను ఆపగానే పొగ కూడా ఆగిపోయేది. ఈసారి ఆగలేదు. గాటులో చేరిన చిటికెడు నల్లటి పొడి నుంచి సన్నని తీగలా, నా సాయం లేకుండా, పొగ లేస్తూనే ఉంది. లోపల ఎర్రగా మెరిసింది. నాకు కాళ్లు వణికాయి. ఎండు పీచు ఉండలోకి దాన్ని జార్చి, రెండు చేతుల మధ్య పట్టుకుని ఊదాను. తెల్లటి దట్టమైన పొగ, తర్వాత ఒక్కసారిగా భగ్గుమని మంట. చేతులు కాలేలోపు కింద పెట్టి, అక్కడే కూర్చుని ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో అప్పుడు చెప్పలేకపోయేదాన్ని. ఇప్పుడైతే చెప్పగలను. ఎన్నో ఏళ్ల తర్వాత నేను చేసిన పని నాకు అప్పటికప్పుడు, ఎవరి అభిప్రాయంతోనూ నిమిత్తం లేకుండా జవాబు చెప్పింది.

ఈలోగా అనుమతి వ్యవహారం నడుస్తోంది. అటవీ కార్యాలయానికి అక్టోబరు 6న దరఖాస్తు పంపాను. అయిదు రోజులకు తిరిగి వచ్చింది, బస చేసే చోటు ఏ విభాగంలోకి వస్తుందో రాయలేదని. సరిచేసి మళ్లీ పంపితే అక్టోబరు 23న అనుమతి వచ్చింది. మొత్తం పదిహేడు రోజులు. మీరు వెళ్లాలనుకుంటే తొలిసారే నాలుగు సంగతులు స్పష్టంగా రాయండి: కచ్చితమైన చోటు, ఎన్ని రాత్రులు, నిప్పు వేస్తారా లేదా, ఆపద వస్తే ఎవరికి చెప్పాలి. నిప్పు గురించి దాచి వెళ్లడం మాత్రం చేయవద్దు. మాకు నిప్పుకు అనుమతి ఇస్తూ, మణికట్టు లావు మించని ఎండు కట్టె మాత్రమే వాడాలనీ, పచ్చి కొమ్మ ఒక్కటి కూడా నరకకూడదనీ షరతు పెట్టారు. గాలి ఎక్కువగా ఉన్న రోజున ఆ అనుమతి చెల్లదు.

ఖర్చు సంగతి. నేను పెట్టిన డబ్బులో సగానికి పైగా స్లీపింగ్ బ్యాగుకే పోయింది. ఆ ఖర్చు గురించి నాకు విచారం లేదు. విచారం ఉన్నది పెద్ద కత్తి గురించి. చూడటానికి ఘనంగా ఉందని కొన్నాను, మూడు రోజుల్లో ఒక్కసారి కూడా ఒర నుంచి తీయలేదు. పనులన్నీ అన్నయ్య ఇచ్చిన చిన్న కత్తితోనే జరిగాయి. డేరా కొనలేదు, ఒక టార్పాలిన్, తాడు చాలన్నాడు. అన్నిటికంటే తక్కువ ఖరీదైనది, అన్నిటికంటే ఎక్కువ పనికి వచ్చినది మూత ఉన్న ఇనుప గిన్నె. దాని కథ తర్వాత చెబుతాను.

నవంబరు 7, శుక్రవారం. వీపు మీద పదమూడు కిలోలు, ఆరు కిలోమీటర్ల నడక, రెండు గంటల పది నిమిషాలు. మధ్యాహ్నం రెండు కావస్తుండగా చేరాం. అన్నయ్య సంచి దించక ముందే తలెత్తి పైకి చూశాడు. నేనూ చూశాను, ఆకులు తప్ప ఏమీ కనిపించలేదు. "ఎండిన కొమ్మ పైన వేలాడుతోందేమో చూడాలి. అడవిలో మృగం కన్నా ముందు చూసుకోవలసింది దాన్నే" అన్నాడు. తర్వాత చోటు ఎంచుకోమని నాకే వదిలేశాడు. వాగుకు దగ్గరగా, చదునుగా, పచ్చిగడ్డితో ఉన్న పల్లపు నేల నాకు నచ్చింది. "సరే" అన్నాడు. ఆ "సరే"లో ఏదో ఉందని నాకు అప్పుడు తట్టలేదు.

నాలుగు గంటల వెలుగు ఉంది కదా, తీరిగ్గా చేసుకోవచ్చు అనుకున్నాను. ఆ నాలుగు గంటలూ ఎలా పోయాయో తెలియలేదు. రెండు చెట్ల మధ్య టార్పాలిన్‌ను మోసే వెన్నుతాడు కట్టి, దాని మీద టార్పాలిన్ వేయడానికి యాభై నిమిషాలు. ఇంట్లో కుర్చీ కాలికి కట్టి నేర్చుకున్న ముడి చెట్టు బెరడు మీద జారిపోయింది. నీళ్లు తెచ్చి, గుడ్డలో వడకట్టి, మరగబెట్టాలి. తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచితే చాలు, 2,000 మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు. అయితే మరగడానికి నిప్పు కావాలి, నిప్పుకు కట్టెలు కావాలి. "రాత్రికి సరిపోతాయనుకున్నన్ని తెచ్చావా? ఇంకా రెండింతలు తీసుకురా" అన్నాడు అన్నయ్య. పద్నాలుగుసార్లు తిరిగాను. తిండి సంచిని బసకు వంద అడుగుల దూరాన కొమ్మకు, మనిషికి అందనంత ఎత్తున వేలాడదీశాం. మలవిసర్జనకు నీటికి కనీసం 60 మీటర్ల దూరంలో, జానెడు లోతు గుంత తవ్వాలి. ఆ గుంత పని చీకటి పడకముందే చేసుకోండి. నేను చేసుకోలేదు.

ఇక నిప్పు. ఇంట్లో అప్పటికి పదకొండుసార్లు నిప్పు పుట్టించాను, గర్వంగానే ఉన్నాను. వాగు పక్కన, సాయంకాలపు తేమలో, వణుకుతున్న చేతులతో యాభై నిమిషాలు లాగాను. పొగ వచ్చింది. నిప్పు కణిక రాలేదు. పలకను తడి గుడ్డల పక్కన సంచిలో పెట్టి మోసుకొచ్చానని అప్పుడు గుర్తొచ్చింది. చెక్క గాలిలోని తేమను కూడా తాగుతుంది. చీకటి పడుతోంది, చెమట ఆరి చలి మొదలైంది. అన్నయ్య తన గాలి చొరని సంచి నుంచి అగ్గిపెట్టె తీసి నా పక్కన పెట్టాడు. "ఇది ఓటమి కాదు. రాత్రి అడవిలో నిప్పు లేకుండా ఉండటం తెలివి కాదు" అన్నాడు. పుల్ల గీశాను. మంట చూసి సంతోషం, సిగ్గు రెండూ కలిగాయి.

ఆరుంపావుకు పూర్తిగా చీకటి. పన్నెండు గంటల రాత్రి ముందు ఉంది. ఇంట్లో రాత్రి అంటే దీపం వేసుకుని ఇంకా నాలుగు గంటలు పని చేసుకునే సమయం. ఇక్కడ రాత్రి మొత్తం రాత్రే. తలకు కట్టుకున్న లైటు ఆర్పమన్నాడు. మొదట గోడలా నలుపు. ఇరవై నిమిషాలు గడిచాక చెట్ల మొదళ్లు విడివిడిగా కనిపించాయి, అరగంటకు నా చేతివేళ్లు లెక్కపెట్టగలిగాను. పౌర్ణమి దాటి రెండు రోజులే కావడంతో ఏడు దాటాక చంద్రుడు లేచాడు. అంతే, నేల మీద నీడలు పడ్డాయి. వెన్నెలకు అంత వెలుగు ఉంటుందని నాకు ఇన్నేళ్లూ తెలియదు.

అప్పుడే చప్పుడు మొదలైంది. ఎండుటాకుల మీద ఏదో పెద్ద జంతువు ఆగి ఆగి నడుస్తున్నట్టు. గుండె గొంతులోకి వచ్చింది. అన్నయ్య చేయి పట్టుకున్నాను. "విను. అడుగుల మధ్య ఎంత ఎడం ఉంది? బరువైనదైతే పుల్లలు విరగాలి కదా, విరుగుతున్నాయా?" అని గుసగుసగా అడిగాడు. విన్నాను. విరగడం లేదు. చిన్న చిన్న గీకుళ్లు. లైటు వేసి చూస్తే గుప్పెడంత ఎలుక. భయం పోయిందని చెప్పను. కానీ అంతకు ముందు భయం మాత్రమే ఉన్న చోట ఇప్పుడు వినడం అనే పని ఉంది. ఆ రాత్రంతా వింటూనే ఉన్నాను.

రెండు గంటల పది నిమిషాలకు తుంటి ఎముక నొప్పితో మెలకువ వచ్చింది. పైన స్లీపింగ్ బ్యాగు వెచ్చగానే ఉంది, కింద నుంచి మాత్రం మంచుగడ్డ మీద పడుకున్నట్టు చలి. ఒంటి బరువుకు కిందివైపు దూది అణిగిపోతే అందులో గాలి ఉండదు, గాలి లేకపోతే వెచ్చదనం నిలవదు. నేల ఒంట్లోని వేడిని తాగేస్తూ ఉంటుంది. నా దగ్గర ఉన్నది ఒక పల్చటి చాప. ఉన్న బట్టలన్నీ కింద పరుచుకుని, మంట దగ్గరకు జరిగి, తెల్లవారే వరకు కూర్చున్నాను. ఇంటికి వెళ్లిపోదాం అని చెప్పడానికి మూడుసార్లు నోరు తెరిచాను. ఇది చదివేవారికి నేను దాచకుండా చెప్పవలసింది ఇదే: మొదటి రాత్రి నాకు ఆనందంగా లేదు.

ఎనిమిదో తేదీ ఉదయం. టార్పాలిన్ లోపలి వైపంతా నీటి బొట్లు, స్లీపింగ్ బ్యాగు పై గుడ్డ తడి. చిన్న ఉష్ణమాపకం 3 డిగ్రీలు చూపుతోంది. అన్నయ్య నన్ను వాలు మీదికి నడిపించాడు, నాలుగు వందల అడుగులు వేశామేమో. అక్కడ 7 డిగ్రీలు. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి, నీళ్లలా పల్లానికి జారి, వాగు పక్కన నిలిచిపోతుందట. నేను సరిగ్గా దాని మడుగులో పడుకున్నాను.

"తెలిసీ చెప్పలేదా అన్నయ్యా?"

"చెబితే తలూపేదానివి. ఇక ఎప్పటికీ మరిచిపోవు."

కోపం వచ్చింది. కానీ అతను చెప్పింది నిజం.

బస మార్చాలి. అప్పుడు ఇనుప గిన్నె పనికి వచ్చింది. రాత్రి మంట ఆరిపోయి బూడిద మాత్రమే మిగిలిందనుకున్నాను. అన్నయ్య పుల్లతో బూడిదను పక్కకు తోస్తే కింద ఎర్రగా కణికలు. నివురుగప్పిన నిప్పు అని ఎన్ని వందల సార్లు రాసి ఉంటానో, అంతవరకు ఒక్కసారి కూడా చూడలేదు. గిన్నె అడుగున బూడిద పోసి, కణికలు పెట్టి, పైన మళ్లీ బూడిద కప్పి, మూత సందుంచి పెట్టి, వాలు పైకి మోసుకెళ్లాను. పాత పొయ్యి మీద నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి, చేతికి చల్లగా తగిలే వరకు వదల్లేదు. పైన ఎండు పుల్లల మధ్య ఆ కణికలు ఊదగానే అంటుకున్నాయి. మనుషులు నిప్పును పుట్టించడం నేర్వక ముందు ఇలాగే దాచుకుని, మోసుకుని తిరిగి ఉంటారేమో అనిపించింది. దక్షిణాఫ్రికాలోని వండర్‌వర్క్ గుహలో పది లక్షల ఏళ్ల నాటి నిప్పు జాడలు దొరికాయి. అప్పటి నుంచి ఎన్ని కోట్ల సాయంత్రాలు మనిషి మంట ముందు కూర్చుని ఉంటాడో. చేతిలో గిన్నె వెచ్చగా ఉండగా ఆ లెక్క నాకు పుస్తకంలోని అంకెలా అనిపించలేదు.

ఆ పగలంతా పడక తయారు చేశాను. ఎండుటాకులు రెండు గంటలు ఏరి, దులిపి, పోగు చేశాను. మోకాలెత్తు వచ్చింది, చాలనుకున్నాను. పడుకుని చూస్తే బెత్తెడు అయింది. మళ్లీ వెళ్లి అంతకు అంత తెచ్చాను. అణిగాక జానెడు మందం ఉంటే గానీ నేల చలి ఆగదు. అటూ ఇటూ రెండు లావుపాటి ఎండు దుంగలు అడ్డం పెట్టాను, ఆకులు జారిపోకుండా. ఆ పని చేస్తున్నంతసేపు నేను దేని గురించీ ఆలోచించలేదు. మధ్యాహ్నం ఒకసారి ఫోను గుర్తొచ్చింది, ఎక్కడ పెట్టానో గుర్తుకు రాలేదు, వెతకాలనీ అనిపించలేదు.

నాలుగుంపావుకు వాన. టార్పాలిన్ కింద కూర్చుని చూస్తుంటే వెన్నుతాడు వెంట నీళ్లు పాకుతూ లోపలికి వచ్చి సరిగ్గా నా పడక మీద పడుతున్నాయి. అన్నయ్య టార్పాలిన్ అంచుకు బయట, తాడుకు ఒక దారం ముక్క కట్టి వేలాడదీశాడు. పాకివచ్చే నీళ్లు ఆ దారం దగ్గరకు రాగానే దాని వెంట కిందికి కారిపోయాయి. వేలెడు దారం. అంత చిన్న వస్తువు ఒక రాత్రిని కాపాడటం చూసి నాకు కలిగిన సంతోషాన్ని ఎవరికి చెప్పినా అర్థం కాదేమో.

కట్టెలన్నీ తడిశాయి. కానీ నేల మీద పడకుండా కొమ్మల మధ్య చిక్కుకుని ఎండిన కట్టె పైపైనే తడుస్తుంది. చీల్చితే లోపల పొడి. ఆ పొడి చెక్కను కత్తితో సన్నని పేళ్లుగా, పుల్లకు అంటిపెట్టుకునే ఉండేలా చెక్కాలి. నాకు ఒక్కో పుల్లకు పది నిమిషాలు పట్టింది. వాన జోరుగా పడుతోంది, కణికలు పేళ్లను అందుకున్నాయి, సూపు ఉడికింది. ఎనిమిదింటికి ఆకుల పడకలో దూరాను. కింద నుంచి వెచ్చదనం తిరిగి నాకే వచ్చింది. నేను ఏరిన ఆకులు, నేను కట్టిన ముడి, నేను చీల్చిన కట్టె. మధ్యాహ్నం చేసిన పని రాత్రి నా వీపుకు తగులుతోంది. ఇదే, అడిగిన వాళ్లకు నేను చెప్పలేకపోయింది ఇదే. ఆ రాత్రి వాన చప్పుడు వింటూ ఎప్పుడు నిద్రపోయానో తెలియదు.

తొమ్మిదో తేదీ, ఆదివారం. తెల్లవారుజామున పక్షి ఒకటి మొదలుపెట్టింది, దాని వెనక మరొకటి, పావుగంటలో అడవంతా. ఎండ బాగా వచ్చింది. పలకనూ కదురునూ రాతి మీద ఎండబెట్టి, గంటకోసారి తిప్పాను. పీచును చొక్కా లోపల, ఒంటికి ఆనించి దాచుకున్నాను. మధ్యాహ్నం రెండింటికి అన్నయ్య తన సంచి సర్దుకున్నాడు. మూడో రాత్రి నేను ఒక్కదాన్నే ఉండాలని మొదటి నుంచీ అనుకున్నదే, అయినా గుండె జల్లుమంది.

"గట్టు అవతల, మూడు వందల మీటర్లు. ఆపద అయితే మూడుసార్లు ఈల వెయ్యి. ఊరికే భయమేస్తే కూడా వెయ్యి, వస్తాను" అన్నాడు. గిన్నెలోని కణికలన్నీ తీసుకుపోయాడు. అగ్గిపెట్టె నా దగ్గర వదిలాడు, మూత మీద టేపు అంటించి.

మూడున్నరకు మొదటి ప్రయత్నం, కదురు జారింది. రెండోసారి పొగ, తర్వాత తాడు వదులైంది. బిగించి, కూర్చుని, చెమట ఆరేవరకు ఊరుకున్నాను. మొదటి రోజు నేను చేయనిది అదే, ఊరుకోవడం. నాలుగూ నలభైకి మళ్లీ మోకాలు వేశాను. నెమ్మదిగా, ఊపిరితో పాటు లాగాను. పొడి నల్లబడింది. ఇరవై లాగుళ్లు వేగంగా. ఆపాను. పొగ ఆగలేదు. తొందరపడకుండా, ఒక అరనిమిషం కణికను తనను తాను నిలదొక్కుకోనిచ్చి, పీచులోకి జార్చి ఊదాను. మొత్తం నాలుగు నిమిషాలు. అడవిలో, నా చేతులతో, నా నిప్పు. చుట్టూ చూశాను, చెప్పడానికి ఎవరూ లేరు. చెప్పాలనీ అనిపించలేదు. మరగడానికి నీళ్లు పెట్టాను.

ఆ రాత్రి భయం వేయలేదా అంటే, వేసింది. చీకటి పడ్డాక మొదటి గంట ఈల నా పిడికిట్లోనే ఉంది. గుడ్లగూబ అరిచింది. వాలు కింద పుల్లలు విరిగాయి, ఈసారి నిజంగా విరిగాయి. ఏదో బరువైనది. అడుగుల మధ్య ఎడం చూశాను, దిక్కు చూశాను, అది వాగు వైపు పోతోంది, నా వైపు కాదు. అయిదు నిమిషాల తర్వాత వినిపించలేదు. పిడికిలి ఎప్పుడు వదులైందో గమనించలేదు, తర్వాత ఈల ఆకుల్లో దొరికింది. తొమ్మిది దాటాక గాని చంద్రుడు రాలేదు, అంతవరకు చుక్కలే. నడిరాత్రి మెలకువ వచ్చింది, గంటసేపు మంటను చూస్తూ కూర్చున్నాను. నిద్ర పట్టలేదన్న ఆందోళన లేదు. మళ్లీ పడుకుంటే మళ్లీ పట్టింది.

ఇంటికి వచ్చాక కూడా ఒక వారం రాత్రి తొమ్మిదికే కళ్లు మూతపడేవి, అలారం లేకుండా తెల్లవారకముందే మెలకువ వచ్చేది. 2013లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరిని వారం రోజులు విద్యుత్ దీపాలు లేకుండా, పగలు ఎండ, రాత్రి మంట వెలుగు మాత్రమే ఉండేలా బస చేయించి చూస్తే, వాళ్ల శరీర గడియారం సుమారు రెండు గంటలు ముందుకు జరిగిందట, అంటే ఒంటికి రాత్రి అంత త్వరగా మొదలైందట. నాకు జరిగినది మూడు రాత్రులే. ఆ నిద్ర ఇప్పుడు మెల్లగా జారిపోతోంది, దాన్ని పట్టి ఉంచుకోవడానికి సాయంత్రం దీపాలు తగ్గిస్తున్నాను.

పదో తేదీ ఉదయం ఆరింటికి లేచాను. అన్నయ్య ఎనిమిదికి వస్తానన్నాడు. మంటను చివరి బూడిద వరకు కాలనిచ్చి, నీళ్లు పోసి, కలిపి, చేతితో తడిమి, మళ్లీ పోశాను. చల్లటి బూడిదను దూరదూరంగా చల్లాను. పొయ్యి కోసం పక్కకు తీసిన మట్టిగడ్డను గడ్డితో సహా యథాస్థానంలో పెట్టి కాలితో అదిమాను. పడక ఆకులను ఏ చెట్ల కింద నుంచి తెచ్చానో ఆ చెట్ల కిందికే తిరిగి చల్లాను, దీనికి గంటకు పైగా పట్టింది. దుంగలను పాత చోట్లకు దొర్లించాను. తాడు కట్టిన చెట్ల బెరడు మీద గీత పడిందేమో చూశాను. తర్వాత సంచి మీద కూర్చుని ఎదురుచూశాను.

ఎనిమిది దాటాక అన్నయ్య వాలు మీదుగా వచ్చాడు. నన్ను చూసి నవ్వాడు. చుట్టూ ఒకసారి చూశాడు, కనుబొమలు ముడివేశాడు.

"పొయ్యి ఎక్కడ పెట్టావు?"

కాలితో చూపించాను. అతను వంగి అరచేయి నేలకు ఆనించాడు, కాసేపు అలాగే ఉంచాడు. చల్లగానే ఉంది. లేచి నా సంచి అందించి "పద" అన్నాడు.